ఏడో నంబరు బూట్లు

మా బావ పోయాడన్న కబురు ఐరాల బస్సు డ్రైవరు తెచ్చాడు. నేనప్పుడు చిత్తూరులో మా బడి మైదానంలో సాయంత్రం ఆటకు సున్నం గీతలు గీస్తున్నాను. అతను బస్సును రోడ్డు పక్కన ఆపి, దిగకుండానే కిటికీలోంచి కేకేశాడు.

"సార్! మీ బావ లేడు సార్. తెల్లారేటప్పుడు పోయినాడు. మూడు దినాలుగా జరమంట. మీ అక్క మిమ్మల్ని బిర్నా రమ్మనింది."

ఇలాంటి చోట గుండె ఆగినంత పనైందని రాయడం మర్యాద. నేను రాయను. ఆ మనిషి విషయంలో ఇప్పటికే ఒక అబద్ధం ఆడి ఉన్నాను, అది చాలు. నాకు మొట్టమొదట తట్టిన ఆలోచన ఇది: ఇక నన్నెవరూ అతనితో పోల్చరు. ఆ వెంటనే రెండోది: పోయినవాడితో పోలిస్తే ఇంక ఎప్పటికీ గెలవలేను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, బస్సు ఎక్కాక. సున్నం చేతులతోనే మొహం తుడుచుకున్నాను కాబోలు, ఐరాలలో దిగేసరికి ఒక ముసలమ్మ ఆపి, "ఏమబ్బా, మొగానికి ఆ సున్నమేంది?" అని అడిగింది.

చిత్తూరు, తిరుపతి, వేలూరు మధ్య బంతి తన్నిన ఎవరికీ మా బావను పరిచయం చెయ్యనక్కర్లేదు. మిగిలినవాళ్ళ కోసం చెప్తున్నాను. అతను మా మేనత్త కొడుకు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పసితనంలోనే తండ్రి పోతే మా ఇంట్లో పెరిగాడు, పెద్దయ్యాక మా అక్కను చేసుకున్నాడు. ఐరాల పక్క పల్లెలో చెరకు వేసి, బెల్లం వండి బతికాడు. ఆ మధ్యలోనే పదేళ్ళకు పైగా చిత్తూరు ఫుట్‌బాల్ జట్టుకు సెంటర్ ఫార్వర్డుగా ఆడాడు. కాళ్ళకు ఏమీ వేసుకునేవాడు కాదు, ఎవరి మాటా వినేవాడు కాదు. అతని మీద కథలు చాలా ఉన్నాయి. ఒకసారి కొట్టిన బంతి గోలు వలను చించుకుపోయి అవతల మజ్జిగ అమ్మే అవ్వ కుండను పగలగొట్టిందంటారు. వల సంగతి అబద్ధం, ఆ రోజుల్లో మాకు వల ఎక్కడిది? కుండ మాత్రం నిజం. అవ్వ తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ గుర్తే.

అతను ఆట మానేశాక చిత్తూరు కాఫీ హోటళ్ళలో ఒకటే వాదం. ఆ మనిషి ఈ కాలంలో ఆడి ఉంటే నిలబడేవాడా? ఇప్పుడు బూట్లు వచ్చాయి. ఎవరి చోటు వాళ్ళకు ఉంది. అందించుకుంటూ ఆడే ఆట వచ్చింది. ఈ ఆటలో అతను గెలుస్తాడా, తేలిపోతాడా? వాదం ముదిరినప్పుడు అందరూ నా వైపే తిరిగేవాళ్ళు. నేను డ్రిల్లు మాస్టర్ని, పైగా పదకొండేళ్ళు అతని పక్కనే ఆడినవాణ్ణి. నేను చెప్పిందే తీర్పు. నా తీర్పు ఎప్పుడూ ఒకటే: నిలబడడు.

ఆ తీర్పు ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా బావ పద్ధతైన ఆటగాడు కాదు. పొద్దున్నే లేచి పరిగెత్తడం ఎరగడు. ఆట ఉన్న రోజున కూడా పొయ్యి మీద పెనం ఉంటే అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. చెరకు పాలు కాగి, నురుగు పొంగి, పాకం వచ్చేదాకా గరిటె పట్టుకుని నిలబడేవాడు. మేం పది మందిమే మైదానంలోకి దిగి, హాఫ్ టైము దాకా ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. అప్పుడు వచ్చేవాడు సైకిలు మీద, మోచేతుల దాకా బెల్లం పూసుకుని. వెనకాలే ఈగలు. మా కెప్టెను పళ్ళు నూరేవాడు.

"ఏమప్పా, ఇదేనా వచ్చే టయిము?"

"పాకం ఆగమంటే ఆగతాదా అప్పా? ఆటంటే మద్దెలో ఆగతాది. అందుకే ఆగినప్పుడే వచ్చినా."

దిగిన తర్వాతైనా పరిగెత్తేవాడా అంటే అదీ లేదు. నడుం మీద చెయ్యి వేసుకుని, పొలం గట్టు మీద నిలబడినట్టు నిలబడేవాడు. జనం తిట్టేవాళ్ళు. మేమూ తిట్టేవాళ్ళం. తీరా బంతి అతని దగ్గరికి వచ్చాక మేమైతే వెంటనే కొట్టేసే చోట అతను కొట్టేవాడు కాదు. ఒక్క క్షణం ఊరుకునేవాడు. ఆ క్షణంలో గోల్‌కీపరు తొందరపడి ఒక పక్కకు వంగేవాడు. బంతి రెండో పక్క నుంచి తాపీగా వెళ్ళేది. అంత తాపీగా వెళ్ళే బంతిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. బలంగా కొట్టి గెలిస్తే ఓర్చుకోవచ్చు.

ఒకసారి సిగ్గు విడిచి అడిగాను, ఎలా తెలుస్తుంది బావా అని.

"పాకం సూసినట్టే సూడాల్రా బామ్మర్దీ. ముందు దించితే అచ్చు కట్టదు. ఎనక దించితే మాడిపోతాది. మద్దెలో ఒక్క రవ్వ సేపు ఉంటాది. అది కంటికి కనపడదు, కాలికి తెలస్తాది."

నా కాలికి తెలియలేదు. తెల్లవారకముందే లేచి చెరువు కట్ట మీద పరిగెత్తిన కాళ్ళు నావి. మిరియాల కషాయం తాగి, రాత్రి తొమ్మిదికల్లా పడుకుని, పుస్తకం చూసి కసరత్తు చేసి పెంచుకున్న కాళ్ళు. ఆ కాళ్ళకు తెలియనిది, ఆటకు ముందు దోసెడు ఉడకబెట్టిన చెనక్కాయలు తిని తాంబూలం నములుతూ దిగే కాళ్ళకు తెలిసేది. దేవుడి మీద కోపం వచ్చేది. దేవుడు దొరకడు కాబట్టి బావ మీద వచ్చేది.

దీనికి తోడు మా నాయన. నాయన రైతు. ఆటలంటే పని లేనివాళ్ళ పని అనేవాడు. మేనల్లుడి ఆట ఉందంటే మాత్రం తెల్లారే బండి కట్టించేవాడు. అదే జట్టులో నేనూ ఉన్నానన్న సంగతి ఆయనకు గుర్తుండేదో లేదో. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా పెరట్లో చెట్లు రెండుంటే ఒకటే పనికొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు వేలూరు జట్టు చిత్తూరుకు వచ్చింది. అంతకుముందు వాళ్ళు మాతో ఆడలేదు. మా బావ పేరు విన్నారు గానీ మనిషిని చూడలేదు. అతని ఆనవాలు అందరికీ తెలిసిందే, ఉంగరాలు తిరిగిన పొడుగాటి జుట్టు. అది మా అవ్వ వైపు నుంచి వచ్చిన జుట్టు. నాకూ అలాంటిదే ఉండేది.

ఆట ముందు రోజు బావ చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. ఆట వేళకు గుండుతో వచ్చాడు. గుండు మీద గంధం. తిరుమలకు మెట్లెక్కి పోయి తలనీలాలు ఇచ్చి వచ్చాడట. కెప్టెను నోరు తెరిచేశాడు.

"గెలిస్తే గదా మొక్కు తీర్చేది? ఆడకముందే తీర్చేస్తే ఎట్లప్పా?"

"నా బాకీ నేను తీర్చేసినా. ఇంగ సామి బాకీ. ఆయన సూసుకుంటాడు," అని బావ తాంబూలం ఉమ్మేసి మైదానంలోకి దిగాడు.

ఆట మొదలైన రెండు నిమిషాలకే నాకు ఒక వింత అర్థమైంది. వేలూరు వాళ్ళ ఇద్దరు బ్యాకులు నా ఒంటిని అంటిపెట్టుకుని తిరుగుతున్నారు. నేను ఎటు పోతే అటు. వాళ్ళ కెప్టెను వెనక నుంచి అరవంలో అరుస్తున్నాడు, "అంద సురుట్టై ముడిక్కారనై విడాదే!" అని. ఆ ఉంగరాల జుట్టువాణ్ణి వదలొద్దు అని దానర్థం. అరవం నాకు బాగానే వచ్చు. మీకేం చెప్పను, నా ఛాతీ రెండింతలైంది. నా పేరు వేలూరు దాకా పోయిందన్నమాట! ఇన్నాళ్ళ కషాయం, ఇన్నాళ్ళ చెరువు కట్ట, చూసేవాడు ఒకడు ఉన్నాడన్నమాట! జుట్టు వెనక్కి ఎగరేసుకుంటూ, వాళ్ళిద్దరినీ వెంట తిప్పుకుంటూ నా జీవితంలో ఎన్నడూ లేనంత దర్జాగా ఆడాను. బంతి పెద్దగా నా దగ్గరికి రాలేదు. ఫర్వాలేదు అనుకున్నాను, గొప్ప ఆటగాళ్ళకు ఇది మామూలే.

గుండు ఆయన మూడు గోల్స్ కొట్టాడు. మూడోసారి జనంలోంచి మా నాయన గొంతు వినిపించింది. పై పంచె తీసి గాలిలో ఊపుతూ, పక్కవాళ్ళ భుజాలు పట్టి కుదుపుతూ చెప్తున్నాడు.

"ఆ గుండోడు ఎవురనుకుంటివి? మా సెల్లెలి కొడుకప్పా! నా సేతుల్లో పెరిగినోడు!"

ఆ గుండోడికి ఆరడుగుల దూరంలో, ఆయన సొంత కొడుకు ఇద్దరు కాపలావాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు.

ఆట అయిపోయాక వేలూరు కెప్టెను నేరుగా నా దగ్గరికి వచ్చి కావలించుకున్నాడు. "నీ గురించి శానా విన్నాం తంబీ. నిన్నయితే కట్టేస్తిమి. ఆ మొట్టై ఎవరో తెలీక మోసపోతిమి," అన్నాడు. మొట్టై అంటే గుండు. అప్పుడు అర్థమైంది నాకు, వాళ్ళు నన్ను ఎవరనుకుని నా వెంట పడ్డారో. నా పక్కన నిలబడి బావ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"నా జుట్టు సామికి ఇచ్చేసినా, నా ఎంట పడేవోళ్ళను నీకు ఇచ్చేసినా. ఇంగ నాకు గోలు కొట్టేది తప్ప ఏం పనుండాది రా?"

అది మొక్కా, ఎత్తా? ఎన్నోసార్లు అడిగాను. "సామికి తెలుసు," అనేవాడు. ఇప్పుడు అడిగే వీలు కూడా లేదు. నన్ను ఎవరైనా పెద్ద ఆటగాడనుకున్న రోజు నా జీవితంలో అదొక్కటే. అది కూడా బావ తన తల మీద నుంచి తీసి నాకు పెట్టినదే. దాన్ని నేను క్షమించలేదు.

పోనీ ద్వేషిద్దామంటే అదీ కుదరనిచ్చేవాడు కాదు. డ్రిల్లు మాస్టరు చదువుకు మద్రాసు పోతానంటే నాయన ససేమిరా అన్నాడు. ఎద్దులు, పొలం ఎవరు చూస్తారన్నాడు. బావ వచ్చి పంచలో కూర్చుని, "మామా, నాకు ఆడేది వచ్చు. ఆడించేది నాకు రాదు. అది ఈడికి వచ్చు. ఈణ్ణి పంపించు, నీ సేద్దెం నేను సూస్తా," అన్నాడు. రెండేళ్ళు రెండు చోట్లా దున్నాడు. నేను ఈ రోజు తింటున్న అన్నం ఆ మాట వల్ల వచ్చింది. మేలు చేసినవాడి మీద ఈర్ష్య పడటం కంటే కష్టం ఇంకొకటి లేదు, పడ్డవాడికే తెలుస్తుంది.

మద్రాసు నుంచి నేను కొత్త ఆట నేర్చుకుని వచ్చాను. నల్లబల్ల మీద సున్నాలు చుట్టి, ఎవడు ఎక్కడ నిలబడాలో, బంతి ఎవడి నుంచి ఎవడికి పోవాలో గీసి చూపించే ఆట. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మద్రాసు మూర్ మార్కెట్టు నుంచి పాత బూట్లు ఒక గోతాము నిండా తెచ్చాను. కింద తోలు బిళ్ళలు కొట్టిన బరువైన బూట్లు. మా చుట్టుపక్కల బూట్లు వేసుకుని ఆడిన మొదటి జట్టు మాదే. కాఫీ హోటల్లో నా మాటకు విలువ పెరిగింది. "ఈ ఆటలో హాఫ్ టైముకు వచ్చేవాడికి చోటు లేదు. నేనైతే మీ హీరోను గీత బయట కూర్చోబెడతాను," అని ఒకరోజు గట్టిగానే అన్నాను.

ఆ మాట ఐరాల చేరడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఆదివారం మధ్యాహ్నం బావ సైకిలు మీద మైదానానికి వచ్చాడు. అప్పటికి ఆట మానేసి నాలుగేళ్ళు. పొట్ట కొంచెం వచ్చింది. కోపం మాత్రం లేదు, నవ్వుతున్నాడు.

"నిలబడనని సెప్పినావంట గదా. నిలబెట్టి సూడు రా బామ్మర్దీ."

"బూట్లు వేసుకుని ఆడాలి బావా."

"ఏసుకుందాం. నువ్వు నేర్చినోడివి, నువ్వు ఎట్టా సెప్తే అట్టనే."

గోతాము విప్పాను. మా బావ పాదాలు చేటల్లాంటివి. వాటికి తొమ్మిదో నంబరు కావాలి, పది అయినా నష్టం లేదు. తొమ్మిదో నంబరు జత గోతాములో పైనే ఉంది, నా చెయ్యి దానికి తగిలింది కూడా. నేను దాన్ని పక్కకు తోసి కింద నుంచి ఏడో నంబరు జత తీసి ఇచ్చాను.

పుట్టి బుద్ధెరిగాక అతను కాళ్ళకు ఏదీ వేసుకున్నవాడు కాదు. పొలంలో, పొయ్యి దగ్గర, తిరుమల మెట్ల మీద, అన్ని చోట్లా ఉత్త కాళ్ళే. బూటు అంటే ఎలా ఉండాలో అతనికి తెలియదు. వేళ్ళు ముడిచి, మడమ కుక్కి, ఇద్దరు పిల్లలు పట్టి లాగితే గానీ ఎక్కలేదు. లేచి నిలబడి నా మొహంలోకి చూశాడు.

"ఇట్టనే బిగుతుగా ఉంటాదా రా?"

"కొత్తలో బిగుతుగానే ఉంటాది బావా. పోను పోను వదలతాది."

అదే నేను ఆడిన అబద్ధం.

ఆ మధ్యాహ్నం మా బావ నా బడిపిల్లల మధ్య అరగంట సేపు ఆడాడు. మొదటి నిమిషంలోనే జారి కూర్చున్నాడు. బంతి కొడితే గోలుకు కాదు, చింతతోపులోకి పోయింది. ఆ ఒక్క రవ్వ సేపు ఆగి కొట్టే కొట్టు కొట్టబోయి, కాలు మడతపడి బోర్లా పడ్డాడు. పిల్లలు పగలబడి నవ్వారు. కాఫీ హోటలు వాళ్ళు సగం మంది గట్టు మీద నిలబడి చూస్తున్నారు. నేను ఈల నోట్లో పెట్టుకుని నిలబడ్డాను. ఈల గనక లేకపోతే నా నవ్వు అందరికీ కనపడేది. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదని ఒప్పుకుంటున్నాను.

మధ్యలో మానుకుంటాడనుకున్నాను. మానుకోలేదు, చివరి ఈల దాకా కుంటుతూనే తిరిగాడు. తర్వాత గట్టు మీద కూర్చుని బూట్లు విప్పాడు. బొటనవేళ్ళ గోళ్ళ కింద నెత్తురు కమ్మింది.

"నువ్వు సెప్పిందే నిజం రా. ఇది నాకు తెలీని ఆట," అన్నాడు. తర్వాత కొంచెం సేపు ఆ బూట్లను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ జత నేను తీసకపోతా. నీకేం కరువు, గోతాము నిండా ఉండాయి," అని లేసులు ముడేసి సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఎందుకు అడిగాడో నేను ఆలోచించలేదు. పిల్లలకు చూపించి నవ్వించడానికేమో అనుకున్నాను.

ఆ రోజు నుంచి వాదం తీరిపోయింది. "సారు బూట్లు ఏపించి సూసినాడు గదా" అనేవాళ్ళు అందరూ. నేను తల వంచుకుని, పెద్దమనిషి తరహాగా, "పాపం, వాళ్ళ కాలం వేరు," అనేవాణ్ణి. బావ మళ్ళీ మైదానానికి రాలేదు. పండగలకు కలిసినప్పుడు ఆట ఊసు ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం భోంచేస్తూ భోంచేస్తూ అడిగాడు, "బూట్లకు ఆముదం పట్టిస్తే మెత్తబడతాయా రా?" అని. పడతాయి అన్నాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. పప్పు కలుపుకున్నాను.

మూడేళ్ళు గడిచాయి. ఇక బస్సు డ్రైవరు కేక దగ్గరికి వస్తాను.

పదకొండో నాడు కర్మాంతరం జరిగింది. పాత జట్టులో మిగిలినవాళ్ళంతా వచ్చారు. వేలూరు నుంచి అప్పటి కెప్టెను కూడా వచ్చాడు. భోజనాలై ఆకులు ఎత్తాక పందిట్లో మళ్ళీ అదే మాట లేచింది.

"ఏమన్నా అనుకోండప్పా, మనిషి బంగారం. కానీ ఈ కాలానికి ఆగేవోడు కాదు."

"ఆగేవోడే లేబ్బా. నేర్చుకునేవోడు."

"నేర్చుకునేది సూసినాం గదా ఆ పొద్దు! ఏం సారూ, మీరే సెప్పండి."

అందరూ నా వైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోగా లోపలి గడప దగ్గర నుంచి అక్క పిలిచింది. "అబ్బోడా, ఒక్క రవ్వ ఇట్ట రా."

ఇంటి వెనక గానుగ కొట్టానికి తీసుకుపోయింది. కొట్టంలో బెల్లం వాసన. గోడకు ఒక మేకు, మేకుకు బెల్లం గరిటె, గరిటె పక్కన ఆ బూట్లు. తీసి నా చేతిలో పెట్టింది. ఆముదం తాగి తోలు నల్లబడింది. అడుగున బిళ్ళలు పూర్తిగా అరిగిపోయాయి. రెండు చోట్ల కుట్లు ఊడితే దబ్బనంతో మళ్ళీ కుట్టి ఉన్నాయి.

"రోజూ తెల్లారి పనికి పొయ్యేలోపల ఇయ్యి ఏసుకుని ఆ గోడకు కొడతా ఉండె. మొదట్లో బంతి యాడికో పొయ్యేది, నేను చెరుకులో దూరి ఎతికి తెచ్చేదాన్ని. ఏళ్ళు నెత్తురు కారతా ఉంటే పసుపు పెట్టేదాన్ని. ఎందుకు నీకీ కర్మ అంటే, 'మీ తమ్ముడు నేర్చినోడు మే, వదలతాదని సెప్పినాడు, వదలతాది' అనేవోడు. ఈ తూరి చెరుకు ఆడేలోపల చిత్తూరుకు పోయి నీకు సూపిస్తానన్నాడు."

గోడ చూశాను. మట్టి గోడ. నా ఛాతీ ఎత్తున ఒకచోట గుండ్రంగా గుంత పడి ఉంది, బంతి అంత. దాని చుట్టూ గోడ ఎక్కడా పెచ్చు ఊడలేదు. అరచెయ్యి పెట్టి చూశాను, నున్నగా ఉంది. ఎన్ని వందల సార్లు కొడితే, ఎన్ని వందల సార్లు అదే చోట తగిలితే అలా అవుతుందో నేను చెప్పగలను, అది నా వృత్తి. నా జట్టులో బాగా ఆడే కుర్రవాడు పదిసార్లు కొడితే నాలుగు తగిలితే గొప్ప.

"నువ్వు సెప్పు అబ్బోడా," అంది అక్క. "మూడేండ్లాయ. అయినా ఇయ్యి వదల్లేదు. పోయే ముందు వారం గూడా కుంటతా ఉండె. ఎన్ని దినాలు పడతాది రా ఇయ్యి వదలడానికి?"

అక్క నిజంగానే అడిగింది. ఆమెకు ఏమీ తెలియదు.

"అక్కా, అయ్యి బావ నంబరు కాదు. ఆ దినం గోతాములో తొమ్మిదో నంబరు ఉండె. నేనే తియ్యలేదు."

అక్క తిడుతుందనుకున్నాను. బూట్లను నా చేతిలోంచి తీసుకుని, ఒక బూటులో తన చెయ్యి పెట్టి, లోపల వేళ్ళు కదిపి చూసింది. తర్వాత మెల్లగా అంది.

"ఈ మాట ముందే సెప్పింటే మీ బావ నీ మింద కోపం సేసుకునేవోడు కాదు రా. రెండు నంబర్లు తక్కువ బూట్లతో కొట్టినా సూడండప్పా అని ఊరూరా తిరిగి సెప్పుకుని నవ్వేవోడు. ఆ సంతోసం గూడా లేకుండా చేస్తివి గదరా."

బూట్లను మళ్ళీ గరిటె పక్కన తగిలించి లోపలికి వెళ్ళిపోయింది.

నేను పందిట్లోకి వచ్చి, అందరూ వినేలా చెప్పాను. "నిలబడేవాడు. ఆ రోజు పడింది అతను కాదు. నేను పడేశాను." నంబర్ల సంగతి చెప్పాను, గోడ సంగతి చెప్పాను. వేలూరు కెప్టెను లేచి కొట్టం వైపు వెళ్ళి, చూసి, తిరిగి వచ్చి కండువాతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఆ పొద్దు మేము సరైనోణ్ణి పట్టుకోలేదు తంబీ," అన్నాడు నాతో. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

కాఫీ హోటల్లో ఇప్పుడు వాదం మళ్ళీ మొదలైందట. తొమ్మిదో నంబరు ఇచ్చి ఉంటే ఏమయ్యేదని. నన్నెవరూ అడగడం లేదు, అది న్యాయమే. మీకు మాత్రం నేను ఇంకొక నిజం చెప్పాలి. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు బాధ కంటే ఈర్ష్యే ఎక్కువగా ఉంది. నలభై దాటాక, ఎవరూ చూడని చోట, కరిచే బూట్లతో, తప్పు తనదేననుకుని మూడేళ్ళు ఒకే చోట కొట్టడం నా వల్ల అయ్యే పని కాదు. పొద్దున్నే లేవడం ఎరగని మనిషని నేనే కదా మీకు చెప్పాను. పొద్దున్నే లేచి కష్టపడటం ఒక్కటే నాకు మిగిలిన గొప్ప అనుకున్నాను. అదీ అతనే తీసుకుపోయాడు. నన్ను చదివించిన మనిషి, నా మాట నమ్మిన మనిషి. నేర్చినవాడు చెప్పాడంటే అది నిజమే అయ్యుంటుందని అనుకునేవాళ్ళు ఇక నాకు దొరకరు.

పోయిన వారం మళ్ళీ వెళ్ళాను. వానలు వెలిశాయి, చెరకు గానుగ ఆడే రోజులు దగ్గర పడ్డాయి. పెనం తోమి ఎండలో బోర్లించి ఉంది. అక్క ఏటా చేసినట్టే గానుగ కొట్టం గోడలకు ఎర్రమట్టి మెత్తుతోంది. మోచేతుల దాకా మట్టి. నన్ను చూసి, "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగింది. నేనూ చొక్కా విప్పి, మట్టి తొక్కి తట్టలో అందించాను. సాయంత్రానికి గోడంతా ఒక్క పగులు లేకుండా తడితడిగా, నున్నగా తయారైంది. ఆ గుండ్రటి గుంత దగ్గర మాత్రం అక్క చేత్తో అంచు చుట్టూ మెత్తి, లోపల పాత మట్టిని అలాగే వదిలేసింది.